తలుపును తప్పుపట్టే ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడండి

పాత తలుపుల మీద పాఠకుల ప్రశ్నలు, ఒక వడ్రంగి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: వానలు పడ్డాయి, తలుపు పట్టేసింది. రాజమండ్రిలో నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. మొదటి పదేళ్లు మా నాన్నగారి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా మాత్రం కొత్త ఫర్నిచర్ జోలికి పోలేదు. లోగిళ్ల తలుపులు, గుడి తలుపులు, అప్పుడప్పుడు తెలంగాణలో గడీల (దొరల కోటల్లాంటి ఇళ్ల) దర్వాజాలు. తెలిసినంత వరకు జవాబు చెబుతాను.

ప్రశ్న: కోనసీమలో మాకో మండువా లోగిలి ఉంది. మా మామగారి తాతగారు కట్టించారట. సింహద్వారం రెండు రెక్కలూ రంగూన్ టేకు. రెండేళ్ల కిందట లోపలా వసారాలోనూ టైల్స్ వేయించాం. అప్పట్నుంచి వానాకాలం వస్తే తలుపు కింద రాసుకుని మూతపడటం లేదు. రెక్కల అడుగున చెక్క నల్లబడి మెత్తగా అయింది. అరంగుళం కోసేస్తే సరిపోతుందని మా వడ్రంగి అంటున్నాడు. మా అబ్బాయేమో మొత్తం తీసేసి కొత్తది పెట్టిద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అమలాపురం దగ్గర

జవాబు: అమ్మా, రెండూ వద్దు. సంక్రాంతి వెళ్లే దాకా ఆ తలుపు మీద ఎవర్నీ ఉలి పెట్టనివ్వకండి.

చెక్క తేమ తాగితే అడ్డంగా ఉబ్బుతుంది. పొడవునా మాత్రం దాదాపు కదలదు. పద్దెనిమిది అంగుళాల వెడల్పున్న పలక మండు వేసవికీ ముసురుకీ మధ్య సూతు, సూతున్నర ఆడుతుంది (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). అదే రెక్క అంచున ఉండే ఏడడుగుల నిలువు చట్టం పొడవులో గోరంత తేడా కూడా కనబడదు. కాబట్టి రెక్కలు రెండూ నడుమ కలిసే చోటో, బందుల వైపో పట్టేస్తే అది వాన తేమ. మీకు కింద రాసుకుంటోందన్నారు. రెక్క ఎత్తు పెరగదు కదా. మరి పెరిగిందేది? గడప. గడప పడుకోబెట్టిన చెక్క, దాని ఎత్తు చెక్కకు అడ్డదిశ. ఆరంగుళాల గడప నీళ్లలో నానితే సూతు పైకి లేవడం కష్టమేమీ కాదు.

అది ఎందుకు నానుతోందో మీ ఉత్తరంలోనే ఉంది. టైల్స్. కింద వేసిన సిమెంటుతో కలిపి నేల రెండంగుళాలు లేచి ఉంటుంది. గడప రెండు పక్కలా ఆ మేరకు పూడిపోయి ఉంటుంది. మీరు రోజూ పొద్దున్నే గడప కడిగి పసుపు రాస్తారు. పూర్వం ఆ నీళ్లు వాకిట్లోకి జారిపోయేవి, మిగిలిన చెమ్మను సున్నపు గచ్చు పీల్చుకుని మధ్యాహ్నానికి వదిలేసేది. ఇప్పుడు టైలుకీ చెక్కకీ మధ్య సన్నటి సందులో దిగి అక్కడే ఉండిపోతాయి. నిలువు చట్టాల అడుగు అడ్డంగా కోసిన ముఖం కదా, ఆ పక్కనే నిలిచిన తేమను ఒత్తులు నూనె పీల్చినట్టు పైకి పీలుస్తుంది. నలుపు, మెత్తదనం అందువల్లే. తలుపులో తప్పేం లేదు.

మొదట చేయవలసింది వడ్రంగి పని కాదు, తాపీ పని. గడపకు లోపలా బయటా అంగుళం మేర టైలూ సిమెంటూ కోయించి, గడప అడుగు దాకా తీయించండి. ఆ సందును మళ్లీ సిమెంటుతో నింపకండి, సున్నం ఇసుక కలిపి పెట్టించండి. వసారా టైల్స్ వాలు బయటికి ఉందో లేదో ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. నీళ్లు గడప వైపు వస్తుంటే ఆ వరస తీసి మళ్లీ వేయించక తప్పదు. అంత ఖర్చా అనిపిస్తుంది. కానీ ఇది చేయకుండా ఎంత మంచి వడ్రంగిని పెట్టినా మూడేళ్లలో మళ్లీ పిలవాల్సి వస్తుంది.

ఆ తర్వాత ఆరనివ్వండి. మాఘమాసానికి చెక్క అసలు కొలతకు వస్తుంది. అప్పుడు ఒక దబ్బనం తీసుకుని రెక్క అడుగునుంచి పైకి అంగుళానికో పోటు పొడుస్తూ రండి. మెత్తగా దిగిపోయే చోటు పోయినట్టే. దబ్బనం ముల్లు ఎదురు తన్ని ఆగిపోయే చోటు చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క. ఆ రెంటి మధ్యా పెన్సిల్‌తో గీత గీయండి. చాలా ఇళ్లలో ఆ గీత నాలుగైదు అంగుళాలు దాటదు. ఏడడుగుల తలుపులో నాలుగంగుళాలు చెడిందని మొత్తం తీసేస్తామా?

పోయినంత మేర తీసి పాత టేకే అతకాలి. అతుకు అడ్డంగా కోస్తే నిలవదు, వాలుగా కోయాలి. వాలు పొడవు చట్టం మందానికి మూడింతలైనా ఉండాలి. ఆ వాలు ఇంటి బయటి వైపుకి దిగాలి, అప్పుడే వాన నీరు అతుకులోకి ఎక్కకుండా బయటికి జారుతుంది. అతికే ముక్కలో ఈనె (చెక్కలో నారల దారి), పాత చెక్క ఈనె ఒకే దిశలో ఉండాలి. పాత టేకు ఎక్కడిదంటారా? మీ పెరట్లోనో అటక మీదో విరిగిన దూలం ముక్క కచ్చితంగా ఉంటుంది. దాన్ని వంట చెరకుకు ఇవ్వకండి.

మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి. ఆ కాలంలో రంగూన్ నుంచి ఓడల మీద కాకినాడ రేవుకీ, ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలుగానూ వచ్చింది అడవిలో నిదానంగా పెరిగిన పెద్ద మాను. అడ్డుకోత చూస్తే ఏటి వలయాలు దగ్గర దగ్గరగా, అంచు దాకా చేవే. ఇప్పుడు డిపోలో దొరికే తోట టేకులో చాలా భాగం చిన్న వయసు చెట్టు, పక్కలంతా తెల్లచెక్క, అంటే బెరడు కిందుండే మెత్తటి చెక్క. లంక గ్రామంలో నేను బాగుచేసిన ఒక తలుపు మీద 1986 ఆగస్టు వరద నీటి గీత ఇప్పటికీ ఉంది, సరిగ్గా నా ఛాతీ ఎత్తున. అన్ని రోజులు గోదావరిలో నిలబడిన తలుపు అది. నేను మార్చింది అడుగున మూడంగుళాలు, ఒక గొళ్ళెం. గీతను అలాగే ఉంచమని ఆ ఇంటి పెద్దావిడ అడిగారు, ఉంచాను.

ప్రశ్న: మా ఊరి గుడి ముఖద్వారం తలుపుల మీద పది పూతలైనా రంగు ఉంటుంది. చెక్కిన హంసలు, లతలు, పైకమ్మి మీద గజలక్ష్మి ఏవీ ఆనవాలు పట్టడం లేదు. కాస్టిక్ సోడాతో ఒక్క రోజులో కడిగేస్తామని కొందరు వచ్చారు. చేయించమంటారా?
– ఆలయ కమిటీ సభ్యుడు, పశ్చిమ గోదావరి

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు. 1993లో నేనే ఆ పని చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

గుడి పేరు చెప్పను. బ్రహ్మోత్సవాలకు పన్నెండు రోజులుంది. తొందరలో కాస్టిక్ నీళ్లు పోసి కొబ్బరి పీచుతో రుద్దాను. రంగు జావలా కారిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. మర్నాటికి టేకు కాలినట్టు ముదురు రంగుకు తిరిగింది. హంసల ముక్కులు, ఈకల గీతలు చేత్తో తడిమితే నూగులా లేచాయి. పాలిష్ పెట్టి అప్పటికి కప్పేశాను. నాలుగు నెలలకు కుసులు (ఒక చెక్క చివర నాలుకలా చెక్కి రెండో చెక్క బెజ్జంలో దూర్చేవి) బిగించిన చోటల్లా తెల్లటి ఉప్పు పూసింది, పాలిష్ బుడగలుగా లేచింది. కాస్టిక్ కుసి బెజ్జాల్లోకి దిగిపోయింది, ఎన్ని నీళ్లు పోసినా బయటికి రాలేదు. మా నాన్నగారు వచ్చి ఆ హంసల మీద చేయి వేసి చూశారు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి కాస్టిక్ డబ్బా నా పని చోటికి రానివ్వలేదు.

మీరు మొదట దేవాదాయ శాఖ అనుమతి తీసుకోండి. మీ గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదైతే మీరూ నేనూ ముట్టుకోకూడదు, వాళ్లే చేయాలి.

అనుమతి వచ్చాక, పాత రంగులో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ తలుపు మీది పూతలు చాలావరకు అంతకు ముందువే అయి ఉంటాయి. అందుకని పొడిగా సాండ్ పేపర్ పట్టడం, బ్లో ల్యాంప్‌తో కాల్చడం రెండూ చేయకూడదు. కింద ప్లాస్టిక్ పట్టా పరచండి, మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లల్నీ గర్భిణుల్నీ దగ్గరకు రానివ్వకండి. రాలిన పెచ్చులన్నీ ఏరి మూటకట్టాలి, చెరువు గట్టున పోయకూడదు.

సాపుగా ఉన్న చోట రంగు తీసే జెల్ పూసి, మెత్తబడ్డాక గీకవచ్చు. చెక్కడం ఉన్న చోట మాత్రం గాజు పెంకు. కిటికీ అద్దం ముక్క పగలగొడితే దాని అంచు ఒక్కోటి ఒక్కో వంపులో వస్తుంది, హంస మెడకు ఒకటి, ఆకు ఈనెకు ఒకటి సరిపోతుంది. చేతికి గుడ్డ చుట్టుకుని, పెంకును కొంచెం వాల్చి, బరువు వేయకుండా లాగాలి. సరిగ్గా లాగితే రంగు పొడిగా రాలదు, ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. చెక్క రంగు కనబడగానే ఆపేయాలి. ఒక హంసకు ఒక పూట పడుతుంది. తలుపు జతకు నెలన్నర వేసుకోండి.

ఒక మూల అరచేయంత మేర అన్ని పూతలూ మెట్లు మెట్లుగా కనబడేలా వదిలేయమనండి. అట్టడుగున ఏ రంగుందో రేపు ఎవరైనా తెలుసుకోవాలంటే ఆ అరచేయంత చోటే సాక్ష్యం.

ప్రశ్న: మా తలుపు కింద రోజూ పిండిలాంటి పొడి రాలుతోంది. చెద పట్టిందని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చెద అయితే మట్టి గొట్టం కడుతుంది, గోడ వెంబడి పాకి వస్తుంది. చిన్న గుండ్రటి బెజ్జాలు, వాటి కింద మెత్తటి పిండి కనబడితే అది పుచ్చు పురుగు. అది టేకు చేవను సాధారణంగా ముట్టదు, తెల్లచెక్కనే తింటుంది. కాబట్టి నష్టం మీరు భయపడేంత లోతుకు వెళ్లి ఉండదు. వేసవిలో తలుపు పూర్తిగా ఆరాక బోరాక్సు, బోరిక్ పౌడర్ వేడినీళ్లలో కరిగించి, పాలిష్ లేని వెనక వైపునుంచీ బెజ్జాల్లోకీ రెండు మూడు సార్లు పట్టించండి. బెజ్జాలు వెంటనే లప్పంతో మూయకండి. ఒక ఏడాది చూడండి. కొత్తగా పొడి రాలకపోతే అప్పుడు మైనంతో నింపవచ్చు. ఒకవేళ చెదే అయితే మందు తలుపుకు కాదు, నేలకూ గోడ మొదలుకూ వేయించాలి.

ప్రశ్న: మా తాతగారి ఇల్లు పడగొడుతున్నారు. ఆ వీధి తలుపులు న్యూజెర్సీలో మా ఇంటికి తెచ్చుకుని గోడకు అలంకారంగా పెట్టుకోవాలని ఉంది. జాగ్రత్తలేమిటి?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: బాబూ, ముందు తలుపు వయసు తేల్చుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును దేశం దాటించకూడదు. భవనం నుంచి విడదీసిన భాగాలు కూడా ఆ చట్టంలో ఉన్నాయి, అంటే తలుపు కూడా. వందేళ్లు నిండలేదని మీరనుకున్నా, పురావస్తు శాఖ చూసి ఇది పురావస్తువు కాదని పత్రం ఇస్తేనే ఓడెక్కించడం మంచిది. ఒక ఇంటివారు ఇది తెలియక పెట్టె కట్టి, బిల్లులు కట్టి, రేవు దాకా పంపి వెనక్కి తెచ్చుకున్నారు.

వందేళ్లు దాటిందే అయితే మీ తమ్ముడో, మేనత్తో ఇక్కడ ఇల్లు కడుతున్నారేమో కనుక్కోండి. తలుపు మళ్లీ ద్వారబంధంలో తిరగడం గోడకు వేలాడటం కంటే నాకు నచ్చుతుంది.

పంపే వీలుంటే చలికాలం సంగతి గుర్తుంచుకోండి. మీ ఇళ్లలో హీటరు నడిచే నెలల్లో గాలి మా రోహిణి కార్తె కంటే పొడిగా ఉంటుంది. గోదావరి తేమకు అలవాటు పడిన చెక్క అక్కడ అడ్డంగా ముడుచుకుంటుంది. కాబట్టి పలకల్ని బిగించే ఏ పనీ చేయించకండి, వెనక ప్లైవుడ్ కొట్టించకండి, హీటరు పక్కన పెట్టకండి. రెక్కను పైనుంచి రెండు కొక్కేలకు తగిలించి వదిలేస్తే ముడుచుకోవడానికి చోటుంటుంది.

ప్రశ్న: మా ఊరి గడీని నిలబెట్టే పనిలో ఉన్నాం. పెద్ద దర్వాజకు ఒక రెక్కే మిగిలింది. రెండోది కొత్తగా చేయించాలి. అచ్చం పాతదానిలా ఉండాలంటే వడ్రంగికి ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: మిగిలిన రెక్కే మీ గురువు. దాన్ని దించి నేల మీద పరచి, ప్రతి ముక్కా కొలిచి కాగితం మీద గీయించండి. వెనక వైపు మరీ శ్రద్ధగా చూడండి, పాత వడ్రంగి ఉలి గీతలు, లెక్క గుర్తులు అక్కడే ఉంటాయి.

మూడు విషయాల్లో రాజీ పడకండి. మొదటిది, ఇంత పెద్ద పాత రెక్కలు చాలావరకు ఇనుప బందుల మీద తిరగవు. నిలువు చట్టం నుంచే పైనా కిందా గుండ్రటి బొడిపెలు తీసి, కింద రాతి గుంటలో, పైన దూలం బెజ్జంలో కూర్చోబెడతారు. బరువంతా రాతి మీద పడుతుంది. కొత్త రెక్కకు బందులు వేస్తే ద్వారబంధం లాగేస్తుంది. మీ రాతి గుంట అరిగి ఉంటే అందులో ఇత్తడి బిళ్ల వేయించండి.

రెండోది, పలకలకు బంక పూయనివ్వకండి. పలక చట్రం గాడిలో ఊరికే కూర్చోవాలి, రెండు పక్కలా సూతు ఖాళీతో. నేను బాగుచేయడానికి వెళ్లే ‘కొత్త పాత తలుపుల్లో’ పదింట ఏడు నడుమకు చీలినవే. వానాకాలంలో ఫెవికాల్ పెట్టి బిగిస్తారు, ఏప్రిల్‌లో పలక ముడుచుకోవాలని చూస్తుంది, చట్రం వదలదు, రాత్రిపూట టపాకాయ పేలినట్టు చప్పుడు చేసి చీలుతుంది.

మూడోది, కుసి బిగింపు. ఇక్కడ మా తాతల తెలివి చూడాలి. చట్టంలో చీల కోసం వేసే బెజ్జానికీ, కుసిలో వేసే బెజ్జానికీ ఒక అరసూతు తేడా పెడతారు, కుసిలోది భుజం వైపు, అంటే కుసి మొదలు వైపు, కొంచెం జరిగి ఉంటుంది. ఎండిన వెదురు చీలను మొన చెక్కి అందులో కొడతారు. చీల ఆ వంకర దారిలో పోతూ కుసిని లోపలికి లాగుతుంది. కొడుతున్నప్పుడు చప్పుడు మారుతుంది, మొదట డొల్లగా, భుజం చట్టానికి ఆనగానే గట్టిగా ‘టక్’మంటుంది. ఆ చప్పుడు వినబడ్డాక ఇంకో దెబ్బ వేయకూడదు. అలా బిగించిన తలుపుకు బంక అక్కర్లేదు. వందేళ్ల తర్వాత ఎవరైనా బాగుచేయాలన్నా చీల తొలిచి తీస్తే ముక్కకు ముక్క విడివడుతుంది.

రెక్కలో దిడ్డి, అంటే మనిషి దూరే చిన్న తలుపు, ఉందేమో రాయలేదు. ఉంటే కొత్త రెక్కకు దాన్ని మార్చకండి, పాతది ఏ వైపుంటే ఆ వైపే. ఇనుప బుడిపెలు కూడా అంతే. గోల్కొండ కోట తలుపులకు ఏనుగులు కుమ్మకుండా ఇనుప మొనలు వేశారు, అవి చూసి ముచ్చటపడి లేని చోట కూడా కొట్టిస్తున్నారు. మీ రెక్కకు బుడిపె గుర్తులు ఉంటేనే వేయించండి. ఉన్నవాటికి తుప్పు పడితే తీసి శుభ్రం చేసి మళ్లీ కొట్టండి, తుప్పు ఉబ్బితే చెక్కను లోపలినుంచి చీలుస్తుంది.

కొత్త రెక్క లోపలి వైపు ఒక మూల, చేసిన సంవత్సరం ఉలితో చెక్కించండి. తర్వాత వచ్చేవాళ్లు రెండూ ఒకే కాలం నాటివనుకుని పొరపడకూడదు.

ప్రశ్న: పాత టేకు తలుపుకు ఏ పాలిష్ మంచిది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎండా వానా తగిలే వీధి తలుపుకు అవిసె నూనె. పల్చగా పట్టించి, పావుగంట ఆగి, మిగిలింది పొడి గుడ్డతో తుడిచేయాలి. రెండు రోజులకో పూత, మూడు పూతలు. ఏటా దసరా ముందు ఒక పూత. లోపలి తలుపులకు లక్క కరిగించిన స్పిరిట్ పాలిష్ ముచ్చటగా ఉంటుంది, కానీ నీళ్లు పడితే తెల్ల మచ్చ వేస్తుంది. గాజులా మెరిసే పూతలు పాత వీధి తలుపుకు నేను వేయను. ఒకచోట పగిలితే నీరు కిందికి దూరి బయటికి రాలేక లోపలే ఉంటుంది.

ఒక్క మాట మరవకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

ప్రశ్న: మా పాత ఇంటి గడప మార్చడానికి పైకి లేపితే కింద నల్లబడిన రాగి కాసు, పిడికెడు మాడిపోయిన గింజలు కనిపించాయి. తీసి దాచుకోవాలా?
– ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: అవి ద్వారబంధం ఎత్తిన రోజు వేసిన నవధాన్యాలు, కాసు. నాకు పదిహేను ఇళ్లలోనైనా దొరికి ఉంటాయి. కాసును చింతపండుతో తోమకండి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఇంట్లో పిల్లలందరికీ చూపించి, ఫోటో తీసుకోండి. కొత్త గడప దించే రోజున దాన్ని అదే చోట పెట్టి, పక్కన ఈ ఏడాది రూపాయి బిళ్ల ఒకటి, గుప్పెడు కొత్త గింజలు వేయండి. గడప కూర్చున్నాక కింద సున్నం మాత్రమే వేయించండి.